అక్షరాలు లేని కీర్తనల గ్రంథం: జపమాల పుట్టుపూర్వోత్తరాలు

దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను సందడి. ఇంచుమించు ఆ రోజుల్లోనే, అక్టోబరు నెలంతా, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కతోలిక విచారణల్లో (పారిష్‌లలో) జపమాల భక్తి సాగుతుంది. ఏసు తల్లి మరియమ్మను ఉద్దేశించిన మంగళవార్త జపం ఒకరు సగం చెబితే మిగిలినవాళ్ళు రెండో సగం అందుకుంటారు. విచారణ గురువు దగ్గరుండాలని లేదు, పుస్తకం తెరవాలని లేదు. చేతిలో 59 పూసల దండ ఉంటే సరి. అదీ లేదంటే వేళ్ళున్నాయి.

ఈ వెసులుబాటు కోసమే జపమాల పుట్టింది. మధ్యయుగాల ఐరోపా మఠాల్లో సన్యాసులు బైబిల్లోని 150 కీర్తనలను లాటిన్‌లో పాడేవారు. అదే మఠంలో పొలం పనీ, వంట పనీ చూసే సహోదరుల్లో చాలామందికి చదువు రాదు. వాళ్ళకు కీర్తనల బదులు ఏసు నేర్పిన పరలోక జపాన్ని అన్నేసి సార్లు చెప్పుకొనే పద్ధతి వచ్చింది. లెక్క తప్పకుండా గులకరాళ్ళు, ముడులు వేసిన తాళ్ళు, పూసలు వాడారు. 13వ శతాబ్దానికే పారిస్‌లో ఈ పూసల దండలు చేసేవారికి వృత్తి సంఘాలు ఉండేవి. పూసలతో జపం లెక్కించడం క్రైస్తవుల సొత్తేమీ కాదు. 108 పూసల తులసి మాల, 99 పూసల తస్బీ మనకు కొత్తవి కావు.

క్రమంగా పరలోక జపం స్థానంలోకి మంగళవార్త జపం వచ్చింది. కీర్తనలెన్నో ఇవీ అన్నే, 150. ఇప్పుడు మనం వింటున్న రెండో సగం, మరియమ్మను మా కోసం ప్రార్థించమని అడిగే భాగం, 1568 నాటి రోమను ప్రార్థన గ్రంథంలో ఖాయమైంది. అంతకు ముందు ప్రధానంగా బైబిల్లో దేవదూత, ఎలిజబెత్ మరియమ్మతో పలికిన మాటలు మాత్రమే ఉండేవి.

జపమాలను మరియమ్మే స్వయంగా పునీత దోమినిక్‌కు ఇచ్చిందని ఒక గాథ. పటాల్లో ఆ దృశ్యం చూస్తూనే ఉంటాం. దోమినిక్ 1221లో మరణించాడు. ఈ కథకు ప్రచారం తెచ్చినది మాత్రం రెండున్నర శతాబ్దాల తరువాతి ఆలన్ దె లా రోష్ అనే దోమినికన్ గురువు. జపానికి ధ్యానాన్ని జోడించిన ఘనత ఎక్కువగా ప్రష్యాకు చెందిన మరో దోమినిక్‌ది. కార్తూసియన్ సన్యాసి అయిన ఈయన 15వ శతాబ్దం తొలినాళ్ళలో ఒక్కో మంగళవార్తకు ఏసు జీవితంలోని ఒక్కో ఘట్టాన్ని చేర్చి, యాభై వాక్యాలు కూర్చాడు. యాభై గుర్తుంచుకోవడం సామాన్యులకు కష్టం. అవే తగ్గి చివరకు పదిహేను దేవరహస్యాలయ్యాయి: సంతోషం, దుఃఖం, మహిమ, ఒక్కోదానికి ఐదు. ఒక్కో రహస్యానికి పది మంగళవార్తలు. నోరు జపం చెబుతుంటే మనసు ఒక ఘట్టం దగ్గర నిలవాలి. చదువురానివారి కోసం ఈ ఘట్టాలను చెక్క అచ్చు బొమ్మలుగా కూడా వేశారు.

జపమాలతో పాటే బృందాలూ పెరిగాయి. 1475లో జర్మనీలోని కొలోన్ నగరంలో జపమాల సహవాసం మొదలైంది. రుసుము లేదు. ఆడా మగా, ధనికా పేదా ఎవరైనా పేరు రాయించుకోవచ్చు. వారానికి మూడు జపమాలలు చెప్పడమే షరతు. ఆ తరువాత 1571 అక్టోబరు 7న లెపాంటో సముద్ర యుద్ధంలో కతోలిక నౌకాదళాలకు కలిగిన విజయాన్ని ఈ జపానికే ఆపాదించడంతో ఆ రోజు పండుగయింది. 1883లో పోపు పదమూడవ లియో అక్టోబరు నెలంతా జపమాలకు కేటాయించాడు.

ఉత్తరాంధ్ర కతోలిక విచారణల కథ ఫ్రాన్స్, ఇటలీ సరిహద్దుల్లోని సవాయ్ కొండల నుంచి మొదలవుతుంది. అక్కడి అన్నెసీలో పీటర్ మెర్మియె 1838లో స్థాపించిన సలేసు ఫ్రాన్సిసు మిషనరీల సభ 1846లో విశాఖపట్నం చేరింది. వచ్చినవారు నలుగురు గురువులు, ఇద్దరు బ్రదర్లు. వాళ్ళ చేతికొచ్చిన ప్రాంతం అటు ఒరిస్సా, ఇటు నాగపూర్ దాకా. 1849లో అన్నెసీ నుంచే పునీత జోజప్ప సభ సిస్టర్లు తోడయ్యారు. మిషనరీల సభ తన పాలక పునీతుడిగా ఎంచుకున్న సలేసు ఫ్రాన్సిసు చదువుకునే రోజుల్లోనే నిత్యం జపమాల చెబుతానని మొక్కుకున్నవాడు. అంత ప్రాంతానికి అంత తక్కువమంది గురువులైతే ఏ ఊళ్ళోనైనా రోజూ పూజ జరగడం కుదిరే పని కాదు. గురువు లేని రోజున ఊరు తనంతట తాను చేసుకోగల ప్రార్థన జపమాల. 1993లో శ్రీకాకుళం ప్రత్యేక మేత్రాసనమై (డయాసిస్), ఈ రెండు జిల్లాలూ దాని కిందకు వచ్చాయి.

కొలోన్ సహవాసానికి 20వ శతాబ్దపు వారసుల్లో లెజియన్ ఆఫ్ మేరీ ఒకటి. 1921 సెప్టెంబరు 7న డబ్లిన్‌లో ఫ్రాంక్ డఫ్ అనే ప్రభుత్వోద్యోగి కొద్దిమంది మహిళలతో దీన్ని మొదలుపెట్టాడు. వారం వారం సమావేశం. బల్ల మీద మరియమ్మ స్వరూపం, రెండు కొవ్వొత్తులు, పూలు. ముందు జపమాల, తరువాత పోయిన వారం చేసిన పని గురించి లెక్క చెప్పడం. ఇద్దరిద్దరుగా ఇళ్ళకూ ఆసుపత్రులకూ వెళ్ళి పలకరించి రావాలి. డబ్బూ సరుకులూ మాత్రం పంచకూడదు. ఆ పని 1833లో పారిస్‌లో పుట్టిన విన్సెంట్ డి పాల్ సొసైటీది. ఒకరిది మాట సాయం, ఒకరిది చేతి సాయం.

2002లో పోపు రెండవ జాన్ పాల్ ఐదు వెలుగు దేవరహస్యాలు కలిపి, వాటికి గురువారం సూచించాడు. దాంతో మొత్తం మంగళవార్తలు 200 అయ్యాయి. కీర్తనలతో ఉన్న పాత లెక్క తెగిపోయిందని కొందరు నొచ్చుకున్నారు. కానీ ఆ లెక్క అవసరం ఏనాడో తీరింది. 2011 జనగణనలో విజయనగరం జిల్లా అక్షరాస్యత 59 శాతం లోపే అయినా, నేడు కీర్తనలు తెలుగులో చదవగలవారు ప్రతి విచారణలోనూ ఉన్నారు. చదవగలిగినవాళ్ళు కూడా పూసల్ని వదల్లేదు. కీర్తనల గ్రంథాన్ని ఒక్కరూ కూర్చుని చదువుకోవచ్చు. మంగళవార్తలో సగం చెప్పి ఆపితే, రెండో సగం అందుకోవడానికి పక్కన మరొకరు కావాలి.