ఆఖరి ఓవర్ ఎవరికి?

ఆఖరి ఓవర్ ఎవరికి ఇచ్చుండాల్సిందో ఆ కెప్టెన్‌కు తప్ప బద్వేలులో అందరికీ తెలుసు. నాలుగు రోడ్ల కూడలి దగ్గర టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు టాస్ నుంచి చివరి బంతి దాకా మ్యాచ్ మొత్తం మళ్లీ ఆడేస్తారు. ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని, హిందీ, ఇంగ్లిష్ కామెంటరీలోంచి పేర్లూ అంకెలూ మాత్రమే ఏరుకున్న తరం ఒకటి. కరెంటు ఎప్పుడు పోతుందోనని గుండెలు అరచేత పట్టుకుని దూరదర్శన్ చూసిన తరం ఇంకొకటి. తెలుగు కామెంటరీని జేబులో ఫోన్లోనే వింటున్న తరం ఇప్పటిది. ఎవరి కాలంలోనైనా ముద్దాయి మాత్రం కెప్టెనే.

ఈ పంచాయితీలో పాత కేసు 1993 నవంబరు 24 రాత్రిది. కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో హీరో కప్ సెమీఫైనల్. ఆఖరి ఓవర్లో దక్షిణాఫ్రికాకు కావాల్సింది 6 పరుగులు. కపిల్ దేవ్, శ్రీనాథ్ లాంటివాళ్లు మైదానంలో ఉండగా, మన హైదరాబాదీ కెప్టెన్ అజహరుద్దీన్ బంతిని అప్పటిదాకా ఒక్క ఓవరూ వేయని సచిన్ చేతిలో పెట్టాడు. సచిన్ ఇచ్చినవి 3 పరుగులు. భారత్ 2 పరుగులతో గెలిచింది, అజహర్ మేధావి అయ్యాడు.

రెండున్నరేళ్లు తిరక్కుండానే, 1996 మార్చి 13న, అదే మైదానంలో అదే మేధావి తెలివితక్కువవాడైపోయాడు. ప్రపంచకప్ సెమీస్‌లో శ్రీలంకపై టాస్ గెలిచి ఫీల్డింగ్ తీసుకున్నాడు. లంక 251 కొట్టింది. మనవాళ్లు 98కి ఒక్క వికెట్‌తో ఉన్నవాళ్లు 120కి ఎనిమిది పోగొట్టుకున్నారు. జనం సీసాలు విసిరారు, రిఫరీ మ్యాచ్‌ను లంకకు ఇచ్చేశాడు. ఇన్నేళ్లయినా తిట్లన్నీ ఆ టాస్‌కే. శ్రీనాథ్ మొదటి ఓవర్లోనే జయసూర్య, కలువితరణ ఇద్దరూ అవుటయ్యారన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ ఓవర్ అయ్యాక ఆపి అడిగుంటే, టాస్ నిర్ణయానికి బద్వేలు కూడా చేతులెత్తి మొక్కేదే.

2003 ప్రపంచకప్ జొహాన్నెస్‌బర్గ్ ఫైనల్‌ది కూడా ఇంచుమించు ఇదే కథ. గంగూలీ బౌలింగ్ ఎంచుకున్నాడు, జహీర్ మొదటి ఓవర్లోనే 15 పరుగులు వచ్చాయి, ఆస్ట్రేలియా 359 చేసింది. ఆ టోర్నీలో 673 పరుగులు చేసిన సచిన్ ఫైనల్లో 4కే వెనుదిరిగాడు. పెద్ద మ్యాచ్‌లో పెద్దోడు ఆడలేదన్న నింద ఆయన్ను చాలాకాలం వదల్లేదు. ఆ పరుగులు లేకుండా ఫైనల్ దాకా ఎవరు తీసుకొచ్చేవారని అడిగితే మాత్రం జవాబుండదు.

2007 సెప్టెంబరు 24 అయితే ఇప్పటికీ కొట్లాటే. టీ20 ప్రపంచకప్ ఫైనల్. పాకిస్థాన్‌కు ఆఖరి ఓవర్లో 13 కావాలి, చేతిలో ఒక్కటే వికెట్.

“ఏం మామా, హర్భజన్‌కు ఇంగా ఓవరుండాది గదా, జోగిందర్‌కు యాలిచ్చినాడు?”

“వాని ముందు ఓవర్లో మిస్బా మూడు సిక్సులు కొట్టింది సూల్యా అబ్బీ?”

మామ మాటలో న్యాయముంది. అయినా జోగిందర్ మొదటి బంతి వైడ్, కాసేపటికే సిక్సు. ఆపైన మిస్బా వెనక్కి ఎత్తిన బంతి శ్రీశాంత్ చేతిలో పడింది కాబట్టి సరిపోయింది, లేకుంటే ధోనీ గతి కూడా అజహర్ గతే.

అమెరికాలో బేస్‌బాల్ అభిమానులకూ ఇదే జబ్బు. 2003 అక్టోబరు 16న యాంకీస్ మీద చావోరేవో మ్యాచ్‌లో బోస్టన్ 5-2తో ముందుంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అలసిన పిచ్చర్ (బంతి విసిరేవాడు) పెడ్రో మార్టినెజ్‌నే మేనేజర్ గ్రేడీ లిటిల్ కొనసాగించాడు. మ్యాచ్ పోయింది, కొద్దిరోజులకే ఆయన ఉద్యోగమూ పోయింది. 2020 వరల్డ్ సిరీస్‌లో బాగా వేస్తున్న బ్లేక్ స్నెల్‌ను 73 బంతులకే తీసేసి మేనేజర్ కెవిన్ క్యాష్ తిట్లు తిన్నాడు. ఉంచినా తప్పే, తీసినా తప్పే. కాకపోతే అక్కడ తీసేసిన పిచ్చర్ ఆ మ్యాచ్‌లో మళ్లీ రాడు. క్రికెట్‌లో ఓవర్లు దాచుకోవచ్చు, అందుకే మనవాళ్ల గొడవంతా మిగిలిన ఓవర్ల మీదే నడుస్తుంది.

స్టార్ల లెక్క తేల్చాలంటే 2009 ఐపీఎల్‌లో డెక్కన్ ఛార్జర్స్‌ను చూడాలి. సెమీస్‌లో కెప్టెన్ గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 బాదాడు. ఫైనల్లో మొదటి ఓవర్లోనే కుంబ్లేకు సున్నాకే దొరికిపోయాడు. జట్టు మూటగట్టింది 143 పరుగులే. ఆఖరి ఓవర్లో బెంగళూరుకు 15 కావాల్సి ఉంటే ఆర్.పి. సింగ్ బంతి అందుకున్నాడు, హైదరాబాద్ 6 పరుగులతో కప్పు ఎగరేసుకుపోయింది. గెలిచారు కాబట్టి ఆ సున్నాను ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. 2024లో ట్రావిస్ హెడ్‌కు ఆ అదృష్టం లేదు. సీజన్‌లో 567 పరుగులు చేసినా, కోల్‌కతాపై మొదటి క్వాలిఫయర్‌లో సున్నా, ఫైనల్లోనూ సున్నా. సన్‌రైజర్స్ 113కే ఆలౌట్. హెడ్ పేరెత్తితే ఇప్పటికీ ఆ రెండు సున్నాలే ముందుకొస్తాయి.

ఇన్నేళ్లూ ఊరు వాదించింది ఎక్కడెక్కడి బౌలర్ల గురించో. 2025 నవంబరు 2న మాత్రం బంతి మన కడప జిల్లా అమ్మాయి చేతిలోనూ ఉంది. వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లెకు చెందిన ఎడమచేతి స్పిన్నర్ శ్రీచరణి. నవీ ముంబైలో మహిళల ప్రపంచకప్ ఫైనల్, లక్ష్యం 299. దక్షిణాఫ్రికా 2 వికెట్లకు వంద దాటి కుదురుకుంటున్నప్పుడు కెప్టెన్ హర్మన్‌ప్రీత్ బంతిని బ్యాటర్ షెఫాలీ వర్మకిచ్చింది. షెఫాలీ అసలు మొదటి జట్టులోనే లేదు, ప్రతీకా రావల్ గాయపడితే సెమీస్ ముందు వచ్చింది. వెంటవెంటనే లూస్, కాప్ ఇద్దరినీ పడగొట్టింది. భారత్ 52 పరుగులతో గెలిచింది కాబట్టి ఆ నిర్ణయాన్ని ఇక ఎవరూ తప్పుపట్టరు.

చరణి సంగతికొస్తే, ఆ ఫైనల్లో 9 ఓవర్లు వేసి, 48 పరుగులిచ్చి, అనెకె బాష్‌ను సున్నాకే ఎల్బీ చేసింది. టోర్నీ మొత్తంలో ఆమె తీసినవి 14 వికెట్లు. భారత జట్టులో దీప్తి శర్మ 22 తర్వాత అవే ఎక్కువ.