మిగిలింది ఒక్క ప్లేటే

1927 ఏప్రిల్ 10. కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయ. పొద్దున్నే కొండెక్కడానికి బయల్దేరిన ఐదుగురి వెనకాలే మీరూ నడుస్తున్నారు. దారి అని చెప్పుకోవడానికి ఏమీ లేదు. నిటారుగా ఒక గండి, జారే రాళ్లు, సందుల్లో ఇంకా కరగని మంచు.

అందరికంటే బరువు మోస్తున్న కుర్రాడు ఆన్సెల్ ఆడమ్స్. పాతికేళ్లవాడు. ముక్కు ఒక పక్కకి వంగి ఉంటుంది. 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపంలో, నాలుగేళ్ల వయసులో, గోడకి గుద్దుకుని విరిగింది అది. వీపు మీద సుమారు 18 కిలోల మూట: కొరోనా కెమెరా, లెన్సులు, ఫిల్టర్లు, గాజు ప్లేట్లు, చెక్క ట్రైపాడ్. పక్కనే వర్జీనియా బెస్ట్. వచ్చే జనవరిలో వాళ్లిద్దరికీ పెళ్లి.

మధ్యాహ్నానికి ‘డైవింగ్ బోర్డ్’ అని పిలిచే బండ మీదికి చేరారు. అంచు దాకా వెళ్లకండి, కింద అంతా శూన్యం. ఎదురుగా హాఫ్ డోమ్. లోయ అడుగు నుంచి దాదాపు 4,800 అడుగులు లేచిన రాయి, కత్తితో నిలువునా కోసినట్టు. దాని ముఖం ఇంకా నీడలోనే ఉంది. ఎండ తిరిగేదాకా ఆగాల్సిందే. పొద్దుట్నుంచీ దారిలో ప్లేట్లు అయిపోతూ వచ్చాయి, ఇప్పుడు సంచిలో ఉన్నవి రెండు.

ఎండ మెల్లగా రాతి మీదికి పాకింది. ఆడమ్స్ నల్లగుడ్డ కింద తల దూర్చాడు. లోపల గాజు మీద కొండ తలకిందులుగా వేలాడుతుంటుంది. లెన్సుకి పసుపు ఫిల్టర్ బిగించి మొదటి ప్లేటు తీశాడు. అప్పటి ఫొటోగ్రాఫర్లు మామూలుగా చేసే పనే అది. పసుపు ఫిల్టర్ ఆకాశాన్ని కాస్త ముదురు చేస్తుంది, కొండ ఉన్నది ఉన్నట్టు పడుతుంది.

అక్కడ ఆగిపోయాడు. ఇందాకట్నుంచీ ఈ రాయి ముందు నిలబడి తనకు అనిపిస్తున్నది ఆ ప్లేటులోకి రాదని అతనికి తెలిసిపోయింది. మీరూ ఒకసారి తలెత్తి చూడండి. ఆకాశం నీలంగా, తేలిగ్గా ఉంది. గుండెల మీద ఉన్నది మాత్రం ఆ రాతి బరువు. ఆ బరువు కాగితం మీదికి రావాలంటే ఆకాశం నల్లబడాలి, మంచు తళుక్కుమనాలి. అచ్చు వేసిన ఫొటో ఎలా ఉండాలో షటర్ నొక్కకముందే అతనికి కళ్లకు కట్టింది. ఫొటోగ్రఫీ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘడియ ఇదే.

పసుపు తీసేసి ముదురు ఎరుపు ఫిల్టర్ పెట్టాడు. ఎరుపు గాజు నీలిరంగు వెలుతురును లోపలికి రానివ్వదు. అందువల్ల ఆకాశం నల్లబడుతుంది. నీడల్లో పడేదీ ఆకాశపు నీలి వెలుగే కాబట్టి అవీ చిక్కబడతాయి. ఎండ పడ్డ మంచు ఒక్కటే తెల్లగా మిగులుతుంది. అయితే ఈ ఫిల్టర్ వెలుతురును బాగా తినేస్తుంది. లెన్సు ఎఫ్ 22 దగ్గర ఉంది, ఎక్స్‌పోజర్ 5 సెకన్లు కావాలి. ఆఖరి ప్లేటు లోపలికి వెళ్లింది. మూత లాగాడు. ఒకటి, రెండు, మూడు... ఊపిరి బిగబట్టండి, ఇంకో ప్లేటు లేదు... నాలుగు, ఐదు.

‘మోనోలిత్, ద ఫేస్ ఆఫ్ హాఫ్ డోమ్’ అలా పుట్టింది. ఆ మధ్యాహ్నం ఆకాశం అంత నల్లగా లేదు కదా, ఇది అబద్ధం కాదా అని అడిగేవాళ్లుంటారు. నా మట్టుకు పసుపు ఫిల్టర్ ప్లేటే అసలు సంగతి దాచింది. కొండ రూపు చూపించి, దాని ముందు నిలబడ్డ మనిషి ఏమైపోయాడో చెప్పకుండా వదిలేసింది. మనసు బాగా కదిలినంత మాత్రాన ఇలాంటి ఫొటో రాదు. ఏ గాజు ఏ రంగును ఆపుతుందో ఆడమ్స్‌కి కొట్టినపిండి కాబట్టే ఆ కదలిక ప్లేటు మీద నిలిచింది.

మీరు గండికోట వెళ్లినప్పుడు పెన్నా లోయ అంచున ఈ పని చేసి చూడండి. ఫోన్ తనంతట తాను నీడలన్నిటినీ వెలిగించి, లోయను పోస్ట్‌కార్డులా మార్చేస్తుంది. తెర మీద వేలుపెట్టి వెలుతురును కిందికి లాగండి. ఆ లోతు చూసి మీకు కలిగిన జంకు ఫొటోలో కనబడేదాకా లాగి, అప్పుడు నొక్కండి.