పాకం పొయ్యిల పక్క నుంచి వరల్డ్ నంబర్ వన్ దాకా: రచనోక్ ఇంతనోన్ కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక థాయ్‌లాండ్ అమ్మాయి గురించి మాట్లాడుకుందాం. పేరు రచనోక్ ఇంతనోన్. ముద్దుపేరు మే. బ్యాడ్మింటన్ ఫాలో అయ్యేవాళ్లకి ఈ పేరు కొత్తేమీ కాదు. మిగతావాళ్లకి ఒక గుర్తు చెప్తాను. 2013లో మన పీవీ సింధు వరల్డ్ చాంపియన్‌షిప్‌లో మొదటిసారి కాంస్యం గెలిచింది కదా, అప్పుడు సెమీస్‌లో సింధుని ఓడించింది ఈ అమ్మాయే. ఇద్దరూ 1995లోనే పుట్టారు. రచనోక్ ఫిబ్రవరిలో, సింధు జూలైలో. సరిగ్గా ఐదు నెలల తేడా.

ఆ తర్వాత సింధు రెండు ఒలింపిక్ మెడల్స్ తెచ్చింది. రచనోక్ లండన్ నుంచి పారిస్ దాకా నాలుగు ఒలింపిక్స్ ఆడింది, నాలుగుసార్లూ ఉత్తచేతులతోనే వెనక్కి వచ్చింది. అందుకే చాలామంది "పాపం, అదృష్టం లేని ప్లేయర్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు ఆ లెక్క సరిగ్గా ఉన్నట్టు అనిపించదు. ఎందుకో తెలియాలంటే మొదటి నుంచి రావాలి.

థాయ్‌లాండ్ ఈశాన్యంలో యసోథోన్ అని ఒక ప్రాంతం ఉంది. రచనోక్ కుటుంబానిది అక్కడే. పని కోసం అమ్మానాన్నలు బ్యాంకాక్ వచ్చి ఒక మిఠాయి ఫ్యాక్టరీలో చేరారు. థాయ్ వాళ్లకి థోంగ్ యోడ్ అని ఒక స్వీట్ ఉంటుంది. గుడ్డు పచ్చసొనని పిండితో కలిపి, మరిగే పంచదార పాకంలో చుక్కలు చుక్కలుగా వేస్తారు. థోంగ్ అంటే బంగారం, యోడ్ అంటే చుక్క. చూడటానికి అచ్చం బంగారు చుక్కల్లాగే ఉంటాయి. ఆ ఫ్యాక్టరీ పేరు కూడా అదే, బాన్ థోంగ్ యోడ్.

ఇప్పుడు ఊహించుకోండి. ఒకపక్క పెద్ద పెద్ద పాత్రల్లో పాకం సలసలా కాగుతోంది, ఇంకోపక్క పనివాళ్ల పిల్ల అటూ ఇటూ పరిగెడుతోంది. కాలు జారితే అంతే. ఫ్యాక్టరీ యజమాని కమలా థోంగ్‌కోర్న్‌కి ఆ భయం పట్టుకుంది. ఆవిడే ఒక బ్యాడ్మింటన్ స్కూల్ కూడా నడుపుతున్నారు. పొయ్యిల దగ్గర తిరిగే బదులు కోర్టులో ఆడుకోనీ అని పిల్ల చేతికి రాకెట్ ఇచ్చారు. ఆవిడని అందరూ మే పుక్ అంటారు. ఆ "మే" అంటే థాయ్ భాషలో అమ్మ. పిల్లని చాంపియన్‌ని చేద్దామన్న ప్లాన్ అప్పటికి ఎవరికీ లేదు. పిల్లకి ఒళ్లు కాలకుండా ఉంటే చాలనుకున్నారు.

మరి అప్పటికి థాయ్‌లాండ్‌లో బ్యాడ్మింటన్ లేదా అంటే, ఉంది. 1960లోనూ 1962లోనూ చరోన్ వత్తనసిన్ ఆల్ ఇంగ్లండ్ ఫైనల్ దాకా వెళ్లాడు, రెండుసార్లూ డెన్మార్క్ ఆటగాడు ఎర్లాండ్ కోప్స్ చేతిలో ఓడిపోయాడు. 1961లో ఆ దేశం థామస్ కప్ ఫైనల్ ఆడింది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో బూన్‌సక్ పొన్సనా నాలుగో స్థానంలో ఆగిపోయాడు. అంటే గుమ్మం దాకా రావడం, లోపలికి అడుగు పెట్టలేకపోవడం. ఇదే వాళ్ల చరిత్ర.

ఈ పిల్ల మాత్రం ఆగలేదు. 2009లో, 14 ఏళ్లకే వరల్డ్ జూనియర్ చాంపియన్ అయింది. 2010లో మళ్లీ, 2011లో మళ్లీ. వరసగా మూడేళ్లు! చైనా నుంచి వచ్చిన కోచ్ షే జిహువా దగ్గర ఆమె ఆట పదునెక్కింది. ఆమె మ్యాచ్ ఎప్పుడైనా చూస్తే మణికట్టు గమనించండి. స్మాష్ కొట్టబోతున్నట్టే రాకెట్ ఎత్తుతుంది, ఆఖరి క్షణంలో షటిల్‌ని నెట్ పక్కన మెత్తగా జారవిడుస్తుంది. అవతలి ప్లేయర్ కోర్టు వెనకే నిలబడిపోతుంది.

17 ఏళ్లకి లండన్ ఒలింపిక్స్. క్వార్టర్స్‌లో చైనా ప్లేయర్ వాంగ్ షిన్ మీద మొదటి గేమ్ గెలిచి, తర్వాతి రెండూ పోగొట్టుకుంది. 2013 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్, అక్కడా టీనా బౌన్ చేతిలో ఓటమి. మళ్లీ అదే గుమ్మం.

అదే ఏడాది ఆగస్టు 11న చైనాలోని గ్వాంగ్జౌలో వరల్డ్ చాంపియన్‌షిప్ ఫైనల్. ఎదురుగా లీ షురుయ్. ఒలింపిక్ చాంపియన్, వరల్డ్ నంబర్ వన్, పైగా సొంత దేశంలో ఆడుతోంది. హాల్ మొత్తం ఆమె వైపే. 22-20, 18-21, 21-14. రచనోక్ గెలిచింది! 18 ఏళ్లకి సింగిల్స్‌లో అప్పటిదాకా అతి చిన్న వయసు వరల్డ్ చాంపియన్, థాయ్‌లాండ్‌కి మొట్టమొదటి వరల్డ్ చాంపియన్. ఇంకో సంగతి, థాయ్‌లాండ్‌లో ఆగస్టు 12 మదర్స్ డే. కన్నతల్లికీ, రాకెట్ ఇచ్చిన తల్లికీ ఒకరోజు ముందే కానుక అందింది.

2016 ఏప్రిల్ ఇంకా గొప్పగా నడిచింది. ఢిల్లీలో ఇండియా ఓపెన్, తర్వాతి వారం మలేసియా ఓపెన్, ఆ తర్వాతి వారం సింగపూర్ ఓపెన్. మూడు వారాల్లో మూడు టైటిల్స్. ఆ నెల 21న వరల్డ్ నంబర్ వన్ అయింది. థాయ్‌లాండ్ నుంచి సింగిల్స్‌లో ఆ ర్యాంక్‌కి చేరిన మొదటి వ్యక్తి ఆమే. రియోలో దేశం జెండా కూడా ఆమే పట్టుకుంది. కానీ ప్రీక్వార్టర్స్‌లోనే జపాన్ అమ్మాయి యమగుచి ఇంటికి పంపించేసింది. టోక్యో క్వార్టర్స్‌లో తై జు యింగ్ మీద మొదటి గేమ్ గెలిచి, మిగతా రెండూ 18-21, 18-21తో పోయాయి. పారిస్‌లోనూ క్వార్టర్స్‌లోనే ఆట ముగిసింది.

ఇప్పుడు నా లెక్క చెప్తాను. ఒలింపిక్స్ నాలుగేళ్లకోసారి వచ్చే ఒక్క వారం. ఆ వారం ఒంట్లో బాగుండాలి, డ్రా కలిసి రావాలి. వరల్డ్ ర్యాంక్ అలా కాదు, 52 వారాల ఆట చూసి ఇస్తారు. ఆ ఒక్క వారాన్నే పట్టుకుని పదేళ్లకి పైగా పైస్థాయిలో ఆడిన ప్లేయర్‌ని ఫెయిల్ అంటే, అది క్లాసులో ఏడాదంతా ఫస్ట్ వచ్చిన పిల్లని ఒక్క ఎంట్రన్స్ మార్కుతో కొలిచినట్టే. ఈ బాధ మన తెలుగు ఇళ్లలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇంకొకటి ఉంది. అదే బాన్ థోంగ్ యోడ్ స్కూల్లో కున్లవుత్ వితిద్సర్న్ అనే అబ్బాయి పెరిగాడు. అతనూ మూడుసార్లు వరల్డ్ జూనియర్ చాంపియన్ అయ్యాడు. 2023లో వరల్డ్ చాంపియన్ అయ్యాడు. 2024 పారిస్‌లో వెండి పతకం గెలిచాడు. బ్యాడ్మింటన్‌లో థాయ్‌లాండ్‌కి అదే తొలి ఒలింపిక్ మెడల్. రచనోక్ మొదటిసారి జూనియర్ చాంపియన్ అయ్యేటప్పటికి అతనికి ఎనిమిదేళ్లు. తను నేర్చుకునే స్కూల్ నుంచే వెళ్లిన ఒక అక్క ప్రపంచాన్ని గెలవడం చూస్తూ పెరిగిన పిల్లాడికి గుమ్మం దగ్గర ఆగాలని ఎందుకు అనిపిస్తుంది?

ఆ మెడల్ అతని కష్టమే, అందులో డౌట్ లేదు. కానీ ఆ తలుపు ముందు తీసిందెవరో కూడా గుర్తుంచుకోవాలి. అందుకే రచనోక్ పేరు పక్కన "అదృష్టం లేదు" అన్న మాట నేను రాయను. ఇంకో కథతో వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.