ఊరుమ్మడి యిల్లు

మన పల్లెలలో నలుగురు గూడుటకు చోటు లేకపోలేదు. రావిచెట్టు క్రింద రచ్చబండ యుండెను, రామమందిరము నుండెను. కాని రచ్చబండకు వాన తడుపు. మందిరమున అన్ని కులములవారికిని ప్రవేశము లేదు. ఎల్లవారును గూర్చుండి చదువుకొనదగిన యిల్లొకటి యుండవలెనన్న తలంపు ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమముతో బలపడినది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారు బెజవాడలో సమకూర్చిన మహాసభ దానికి గొప్ప యూతమిచ్చెను.

ఒక్క యూరి చరిత్ర విన్నవించెదను. నాటి గుంటూరు జిల్లాలోని వేటపాలెము నేతపనికి పేరొందిన గ్రామము. 1918లో అచ్చటి హిందూ యువజన సంఘమువారు, వి.వి. శ్రేష్ఠిగారు ముందు నిలువగా, చిన్న గ్రంథాలయమును నెలకొల్పిరి. అదియే సారస్వత నికేతనము. 1929లో గాంధీమహాత్ముడు దాని కొత్త భవనమునకు శంకుస్థాపన చేసెను. నాడు విఱిగిన యాయన చేతికఱ్ఱను గ్రామస్థులు భద్రపఱచిరి.

శంకుస్థాపన ఒక్క ముహూర్తమున ముగియును. పిమ్మట దినదినమును తలుపు తెఱచువారు, పత్రికలను కట్టగట్టి దాచువారు, పురుగు పట్టకుండ జూచువారు కావలెను. పాతపత్రికలకై పరిశోధకులు నేటికిని ఆ యూరికి బోవుచున్నారన్న, పేరు చెప్పుకొనని యా సేవయే కారణమని నా తలంపు.

1948 నాటి మద్రాసు శాసనము గ్రంథాలయములకై సుంకము నేర్పఱచినది. సుంకముతో గోడలు నిలుచును. తలుపు తెఱచియుండుట మాత్రము ఊరివారి పూనికను బట్టి యుండును. శ్రోతలారా! మీ యూర నట్టి యిల్లున్నచో, దాని తాళపుచెవి యెవరియొద్ద నున్నదో యొకపరి విచారింపుడు.