ఎఫ్1 నొక్కితే హెల్ప్ రావడం లేదా? లోపం సాఫ్ట్‌వేర్‌లో కాకపోవచ్చు

పాత సాఫ్ట్‌వేర్ బాగానే పనిచేస్తుంటుంది. ఎఫ్1 నొక్కితే మాత్రం హెల్ప్ తెరుచుకోదు. తయారుచేసిన కంపెనీ మూతపడి ఉంటే, ఆ హెల్ప్ ఫైలే మిగిలిన ఏకైక మాన్యువల్ కావచ్చు. చాలామంది సాఫ్ట్‌వేర్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. దానివల్ల ఒరిగేది తక్కువ. ముందు చూడాల్సింది ఫైల్ పేరు చివర హెచ్‌ఎల్‌పీ ఉందా, సీహెచ్‌ఎం ఉందా అన్నది.

హెచ్‌ఎల్‌పీ 1990లో విండోస్ 3.0తో వచ్చిన పద్ధతి. ఈ ఫైళ్లను చదివే విన్‌హెల్ప్32 ప్రోగ్రామ్‌ను మైక్రోసాఫ్ట్ విస్టా నుంచి పక్కన పెట్టింది. విస్టా, 7, 8, 8.1 వాడేవారికి విడిగా డౌన్‌లోడ్ ఇచ్చింది. విండోస్ 10కు అదీ లేదు. ఊరూపేరూ లేని సైట్ల నుంచి ఆ ప్రోగ్రామ్‌ను తెచ్చి పెట్టుకోవడం వైరస్‌ను పిలిచి పీట వేయడమే.

సీహెచ్‌ఎం 1997 నాటిది. ఇప్పటికీ తెరుచుకుంటుంది, కానీ పేచీలు ఎక్కువ. ఎడమవైపు విషయసూచిక కనిపిస్తూ కుడివైపు పేజీ ఖాళీగా ఉంటే, ఆ ఫైల్ ఇంటర్నెట్ నుంచి దిగినదో, ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్నదో అయి ఉంటుంది. 2005లో వచ్చిన భద్రతా అప్‌డేట్ తర్వాత నెట్‌వర్క్‌లోని సీహెచ్‌ఎం పేజీలను విండోస్ చూపించడం మానేసింది. ఫైల్‌ను సొంత కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవాలి. డౌన్‌లోడ్ చేసినదైతే, నమ్మకమైన చోటు నుంచి వచ్చిందనుకుంటేనే, ప్రాపర్టీస్‌లో 'అన్‌బ్లాక్' గడిలో టిక్ పెట్టాలి.

మన భాషలవారికి మరో చిక్కుంది. ఇంగ్లిష్‌లో రాసిన సలహాల్లో ఇది అరుదుగా కనిపిస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌నే తీసుకోండి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు అది ప్రధాన కేంద్రం. రైల్వే ఉద్యోగాలతో వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడున్నాయి. అలాంటి ఊళ్లో ఒకే కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్ పేరు హిందీలో, ఇంకొకటి తెలుగులో ఉండటం సహజం. సీహెచ్‌ఎంకు అదే గిట్టదు. అది యూనికోడ్‌కు ముందరి కోడ్‌పేజీలను నమ్ముకున్న సాధనం. రష్యన్, అరబిక్, థాయ్‌లకు విండోస్‌లో అలాంటి సిస్టమ్ కోడ్‌పేజీలున్నాయి. తెలుగుకూ, హిందీకీ లేవు; ఈ రెండూ నేరుగా యూనికోడ్‌తోనే వచ్చాయి. అందుకే 'లెక్కలు' అని తెలుగులో పేరు పెట్టిన ఫోల్డర్‌లోని ఫైల్ తెరుచుకోదు. అదే పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే తెరుచుకుంటుంది. విండోస్ యూజర్ పేరే తెలుగులో ఉంటే డెస్క్‌టాప్‌పై పెట్టినా ఇదే తంతు. సీ డ్రైవ్‌లో ఇంగ్లిష్ పేరుతో ఫోల్డర్ తెరిచి అందులో పెట్టడం తేలిక. ఫోల్డర్ పేరులో # గుర్తు ఉన్నా ఇలాగే మొరాయిస్తుంది.

అప్పటికీ కుదరకపోతే ఫైల్‌ను వదిలి, లోపలి పాఠాన్ని బయటికి తీయాలి. సీహెచ్‌ఎంను 7-జిప్‌తో విప్పితే మామూలు వెబ్ పేజీలు వస్తాయి. వాటిని ఏ బ్రౌజర్‌లోనైనా చదవొచ్చు. హెచ్‌ఎల్‌పీని హెల్ప్‌డీకో అనే పాత సాధనం వర్డ్‌లో తెరుచుకునే ఆర్‌టీఎఫ్‌గా మారుస్తుంది. అసలు ఫైల్‌ను ఉన్నదున్నట్టు చూడాల్సిందే అంటే, వర్చువల్ మెషీన్‌లో విండోస్ ఎక్స్‌పీ పెట్టుకుని, దానికి ఇంటర్నెట్ కనెక్షన్ తీసేసి వాడాలి.