విశాఖ రేవు, ఆవిరి సరుకు ఓడలు

మన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలకు సముద్రం దూరం. ఆవిరి ఇంజను అంటే మన పెద్దలకు 1915లో చిక్కబళ్ళాపురానికి వచ్చిన చిన్న రైలే గుర్తు. ఆ కాలంలోనే తెలుగు తీరంలో సరుకు ఓడలు కూడా ఆవిరితోనే నడిచేవి.

ఆ ఓడల ఇంజనుకు సాధారణంగా మూడు సిలిండర్లు. బాయిలరు నుంచి వచ్చిన ఆవిరి మొదట చిన్న సిలిండరులో, తర్వాత నడిమిదానిలో, చివరకు పెద్దదానిలో పనిచేసేది. ఆపైన చల్లబడి నీరై తిరిగి బాయిలరుకే చేరేది. సముద్రపు ఉప్పునీరు బాయిలరుకు పనికిరాదు కనుక ఈ ఏర్పాటు. వేగం 8 నుంచి 10 నాట్లు, అంటే గంటకు 15-18 కిలోమీటర్లు. మన సైకిలుకు కాస్త ఎక్కువ, అంతే! దీనికే రోజుకు 20-30 టన్నుల బొగ్గు కావాలి.

ఆ బొగ్గంతా మనుషులే పారలతో పొయ్యిలో వేయాలి. కొందరు గిడ్డంగి నుంచి తోపుడు బండ్లలో బొగ్గు తెచ్చి పోస్తే, మరికొందరు పొయ్యి మండించి బూడిద లాగేవారు. బొగ్గు ఒకవైపే తీస్తే ఓడ ఒరుగుతుంది కనుక రెండు వైపులా సమంగా తీయాలి. నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విరామం, మళ్ళీ పని. బ్రిటిషు ఓడల్లో ఈ పనికి మన దేశపు వాళ్ళను చాలామందిని పెట్టుకునేవారు. వాళ్ళను లాస్కర్లు అనేవారు. అదే పనికి తెల్లవాళ్ళకిచ్చే జీతంలో వీళ్ళకు దక్కింది కొద్ది భాగమే. నేను గుమాస్తాగా జీతాల పట్టీలు రాసినవాణ్ణి కనుక ఈ సంగతి నన్ను ఎక్కువ బాధించింది.

విజయనగరం ప్రాంతంలో 1892 నుంచి మాంగనీసు తవ్వారు. విశాఖలో రేవు కట్టకముందు ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసేవి; సరుకును పడవల్లో మోసి ఎక్కించాలి. గాలివాన వస్తే పని ఆగినట్లే.

రేవు కట్టబోతే ఇసుక అడ్డుపడింది. నైరుతి గాలుల కాలంలో అలలు తీరం వెంట ఇసుకను ఉత్తరానికి నెట్టుకొస్తాయి. అది రేవు ముఖద్వారాన్ని పూడ్చకుండా జేనస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడలను కొనితెచ్చి డాల్ఫిన్స్ నోస్ దగ్గర వరుసగా ముంచారు. పనికి రావని తీసేసిన ఓడలు అలా అలలకు అడ్డుగోడలయ్యాయి.

1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ జలదుర్గ రేవులో ప్రవేశించింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును ప్రారంభించారు. ఓడల గోడ దగ్గర పేరుకున్న ఇసుకను తవ్వి తీసే పని మాత్రం ఆగలేదు.