లుసిల్ పలికితే బీబీ మౌనం

1949 చలికాలం. అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో ట్విస్ట్ అనే చిన్న ఊరు, అందులో ఓ డాన్సు హాలు. చలి కాచుకోవడానికి మధ్యలో ఓ పీపాలో కిరోసిన్ మంట. ఇద్దరు మగాళ్లు కొట్టుకుంటూ ఆ పీపాను తన్నేశారు. హాలంతా అంటుకుంది. జనంతో పాటు బయటపడ్డ గిటారిస్టు, వాయిద్యం లోపలే ఉండిపోయిందని మళ్లీ మంటల్లోకి ఉరికాడు. ఆ కొట్లాట లుసిల్ అనే ఆమె కోసమని తర్వాత తెలిసింది. ఇలాంటి పిచ్చిపని ఇంకెప్పుడూ చేయకూడదని గిటార్‌కి ఆ పేరే పెట్టుకున్నానని జీవితాంతం చెప్పేవాడు ఆ గిటారిస్టు, బ్లూస్ గాయకుడు బీబీ కింగ్.

ఆ తర్వాత ఆయన గిటార్లన్నీ లుసిల్లే. లోకానికి గుర్తుండిపోయింది మాత్రం నల్లటి గిబ్సన్ ఈఎస్-355. దాని గొంతు దాని చెక్కలోనే ఉంది. లోపలంతా బోలుగా ఉన్న గిటార్‌కి పికప్ (తీగల కదలికను స్పీకర్‌కి అందించే పరికరం) బిగించి సౌండ్ పెంచితే, స్పీకర్ మోత తిరిగి ఆ డొల్లలోకి దూరి కూత పెడుతుంది. నిండు చెక్కతో చేస్తే ఆ బాధ లేదు కానీ, గాలి ఆడిన ఆ మెత్తదనమూ ఉండదు. 1958లో గిబ్సన్ కంపెనీ ఈఎస్-335తో మధ్యేమార్గం పట్టింది. నడుమ మేపుల్ దిమ్మ, రెండు పక్కలా బోలు. 355 దానికే మరిన్ని హంగులు అద్దిన మోడల్. అయినా కూత పూర్తిగా పోలేదు. బీబీ దాని పైపలకలోని ‘ఎఫ్’ ఆకారపు కంతల్లో గుడ్డలు కుక్కేవాడు. 1980లో ఆయన కోసం లుసిల్ మోడల్ తెచ్చినప్పుడు గిబ్సన్ ఆ కంతలే తీసేసింది.

అయితే ఆ గిటార్ కొన్నంత మాత్రాన ఆ నాదం రాదు. అసలు విద్య ఎడమచేతిది. బీబీ 1925లో మిసిసిపీ పత్తి పొలాల మధ్య పుట్టి, ట్రాక్టర్ తోలిన మనిషి. ఆయన బంధువు బుకా వైట్ గిటార్ తీగల మీద లోహపు గొట్టం జార్చి ఏడిపించినట్టు పలికించేవాడు. బీబీకి అది పట్టుబడలేదు. ఆ ధ్వనిని వేలితోనే తేవాలనుకున్నాడు. చూపుడువేలు తీగ మీద నాటుకుంటుంది, బొటనవేలు గిటార్ మెడను వదిలేస్తుంది, మణికట్టు మొత్తం చకచకా ఊగుతుంది. వీణ తీగను పక్కకు లాగి పలికించే గమకం విన్న మన చెవికి ఇది పరాయిగా అనిపించదు.

ఆయన పాడుతూ వాయించడు. ఒక పాదం పాడి ఆగుతాడు, లుసిల్ బదులిస్తుంది. కార్డ్‌లు (ఒకేసారి కలిపి మీటే స్వరాలు) తనకు పెద్దగా రావని నిస్సంకోచంగా చెప్పేవాడు కూడా. సెకనుకు ఎన్ని స్వరాలు దొర్లించారో లెక్కగట్టే ఈ రోజుల్లో అది లోపమే అనిపించవచ్చు. నా మటుకు నాకు అదే ఆయన గొప్ప. నలుగురు వంద స్వరాల్లో చెప్పేది ఆయన మూడింటిలో ముగించి, నాలుగోది వాయించకుండా వదిలేస్తాడు. 1969లో రికార్డు చేసిన ‘ద థ్రిల్ ఈజ్ గాన్’లో వయొలిన్లు ఎంత పరుచుకున్నా చెవి వెతికేది ఆ ఖాళీల మధ్య మెరిసే తీగనే. ఆ పాట ఆయనకు గ్రామీ తెచ్చింది.

బీబీ 2015 మే 14న, 89 ఏళ్ల వయసులో, లాస్ వేగాస్‌లో కన్నుమూశాడు. ఇప్పటిదాకా వినని వారు 1964 నవంబరులో షికాగోలో రికార్డయిన ‘లైవ్ ఎట్ ద రీగల్’తో మొదలుపెట్టండి. ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు.